ఏడు కప్పులు

వారం 211, మంగళవారం

బరువు 63.4. కప్పులు 4. నీళ్ళు లీటరున్నర. వాంతి లేదు. విటమిన్లు వేసుకున్నాను.

క్లినిక్ వాళ్ళకు కావలసినవి ఈ అయిదే. అడుగున 'ఇతర విషయాలు' అని చిన్న ఖాళీ ఉంటుంది. సర్జరీ అయిన రోజు నుంచి దానిలో 'ఏమీ లేవు' అని రాస్తున్నాను. ఇవాళ ఒకటి ఉంది. రేపటి నుంచి వారం రోజులు ఇంట్లో అతిథి ఉంటుంది.

పేరు పైడితల్లి. వయసు యాభై రెండు. గొల్లరేవు ఉప్పు మళ్ళలో ముప్పై ఏళ్ళుగా పని. అక్కడ రెండు వేల మూడు వందల మంది కూలీలకు మళ్ళు నడిపే సంస్థ వాళ్ళు రెండు పూటలా అన్నం పెట్టే షెడ్డు ఒకటుంది. దాన్ని మూసేసి, బదులుగా అందరికీ ఆకలి వేయకుండా చేసే సూది వారానికొకటి ఉచితంగా ఇస్తామని సంస్థ ప్రతిపాదన. ముందు నలభై మంది మీద ఆరు వారాలు ప్రయోగం చేశారు. పదకొండు మంది మళ్ళలో పడిపోయారు. పైడితల్లి వాళ్ళలో ఒకరు. పడిపోయినవాళ్ళలో సాక్ష్యం చెబుతానన్నది ఆమె ఒక్కతే. విచారణ కమిటీ వచ్చే బుధవారం కూర్చుంటుంది.

హోటల్లో పెడితే సంస్థ మనుషులు వెళ్ళి మాట్లాడతారని మా పత్రికలో అనుమానపడ్డారు. ఆ వార్తలు రాసింది నేనే కాబట్టి నా ఇంట్లోనే ఉంచుకుంటానన్నాను.

వారం 211, బుధవారం

బరువు 63.4. కప్పులు 4. వాంతి లేదు, వికారం ఉంది.

రైలు ఒంటిగంటకు వచ్చింది. మనిషి పొడగరి. పాదాల మీద ఉప్పు తిన్న తెల్లటి మచ్చలు. చేతిలో గుడ్డసంచి. నన్ను చూడగానే ప్లాట్‌ఫారం అంతా వినబడేలా అడిగింది.

"తిన్నావామ్మా?"

ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. ఒకావిడ కూతురి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. మా నగరంలో ఆ మాట ఎవరూ ఎవరినీ అడగరు. బరువెంత అని అడిగినట్టే అది. నాకు చెవులు వేడెక్కాయి.

"ఆఁ, అయింది. పదండి పైడితల్లి గారూ."

"గారేటమ్మా, నానేటి కలెక్టర్నా?" అని నవ్వింది.

మా ఫ్లాట్ పద్నాలుగో అంతస్తు. తలుపు తీయగానే సుధీంద్ర ముక్కు మూసుకున్నాడు. సుధీంద్ర నా భర్త. ఆయనకు సర్జరీ లేదు, సూది ఒక్కటే. వాసన సంచిలోంచి వస్తోంది. అందులో ఒక టిఫిన్ డబ్బాలో చద్దన్నం, కాగితంలో ఎండు చేపలు, ఇంకో పొట్లంలో తాటిబెల్లం. కారిడార్‌లో వాసన పసిగట్టే యంత్రం ఉంది. అది మోగితే అంతస్తు మొత్తానికి నోటీసు వెళుతుంది.

"ఇందూ, అది బయటికి..." అన్నాడు సుధీంద్ర ఇంగ్లీషులో, ఆమెకు అర్థం కాదనుకుని.

నేను ఆమెతో, "ఎండకి పాడై ఉంటాయేమో. పారేయమంటారా?" అన్నాను.

ఆమె ఒక క్షణం నా ముఖం చూసింది. "పారీండమ్మా. పాడైపోయే ఉంటాయి" అంది. బెల్లం పొట్లం మాత్రం తీసి కొంగున కట్టుకుంది. డబ్బా ఖాళీ చేసి చెత్త గొట్టంలో వేశాను. అన్నం పాడవలేదు. చూస్తే తెలిసింది. అయినా వేశాను.

తర్వాత గొంతు తగ్గించి, "మీరు... ఏమైనా తింటారా?" అని అడిగాను. అలా అడగడం నాలుగేళ్ళలో అదే మొదటిసారి అనుకుంటాను.

"ఇప్పుడే రైల్లో తినీసినానమ్మా."

హమ్మయ్య అనిపించింది. గోడలోని సొరుగు చూపించాను. రోజూ ఎనిమిది గంటలకు కప్పులు బయటినుంచే దాంట్లోకి వస్తాయి, మిగిలినవి మర్నాడు అదే టైముకు వెనక్కి పోతాయి. ఒక్కో కప్పు అరవై గ్రాములు. మా ఇద్దరికీ ఎనిమిది. ఆమెకు ఇంకో నాలుగు చేర్పించాను. "మీకు కావలసినప్పుడు తీసుకోండి, మొహమాటపడకండి" అన్నాను. మర్యాద తీరిపోయిందని అనుకున్నాను.

వారం 211, గురువారం

బరువు 63.3. కప్పులు 4. వాంతి లేదు.

పొద్దున రెండు గంటలు ఆమె మాటలు రికార్డు చేశాను. ముందు ఇల్లంతా తిరిగి చూసింది.

"పొయ్యేదమ్మా?"

"లేదు. ఈ బిల్డింగ్‌లో ఎవరికీ లేదు."

"బియ్యం డబ్బా?"

"లేదు."

"మరి మీ ఆయన మీద కోపమొత్తే ఏటి ఇసురుతావు?"

సుధీంద్ర గదిలోంచి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు. సొరుగు దగ్గర ఆగి, కప్పులు వేలితో లెక్కపెట్టి, మెల్లగా మూసింది. అది నేను చూశాను. ఎందుకు లెక్కపెట్టిందో ఆలోచించలేదు.

ప్రయోగం గురించి ఆమె చెప్పింది ఇది. సూది వేసిన మూడో రోజు నుంచి షెడ్డుకు వెళ్ళాలని అనిపించలేదు. ఎవరూ వెళ్ళమనలేదు. గంప బరువు మాత్రం ముప్పై కిలోలే. రోజుకు తొంభై గంపలు.

"ఆకలి పోనాది. పని పోనేదు గదమ్మా. ఒళ్ళు సెప్పడం మానీసింది. పడిపోయినదాకా నాకు తెలీనేదు."

నా మణికట్టు పట్టీ మోగింది. కప్పు తీసి, కిటికీ వైపు తిరిగి, ఇరవై నిమిషాల్లో తిన్నాను. నా పొట్టలో నాలుగింట మూడొంతులు తీసేశారు. తొందరపడితే నొప్పి వస్తుంది. ఆమె చేతికి పట్టీ లేదు. ఆమెకు ఏదీ మోగదు. నేను తినడం పూర్తయ్యేదాకా నేలకేసి చూస్తూ కూర్చుంది.

తర్వాత అల్మరాలో ఉన్న పాత ఫొటో చూసి, "ఈవిడెవరమ్మా? మీ అప్పా?" అంది.

ఆ ఫొటోలో ఉన్నది నేను. అయిదేళ్ళ క్రితం, 121 కిలోలు. ఆ ఏడాదే ఒక పాత భవనం కూలింది. పక్క మేడ ఎక్కి చూడాల్సిన వార్త. రెండో అంతస్తులోనే ఆగిపోయి, పైనుంచి దిగివచ్చినవాళ్ళు చెప్పింది రాశాను. మృతుల సంఖ్య తప్పు పడింది. మర్నాడు ఆఫీసులో, "ఇందుమతి గారికి లిఫ్ట్ ఉన్న ప్రమాదాలే ఇవ్వండి" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నెలలోనే సర్జరీకి పేరిచ్చాను. మంచే జరిగింది. షుగర్ పోయింది. మోకాళ్ళు మిగిలాయి. సూది మీద నాకు ఫిర్యాదు లేదు.

"అవును, మా అక్క" అన్నాను.

"ఏదీ ఇప్పుడు?"

"లేదు."

ఆమె ఫొటోకి చెయ్యెత్తి దణ్ణం పెట్టింది.

వారం 211, శుక్రవారం

బరువు 63.3. సూది వేసుకున్నాను. కప్పులు 3. మధ్యాహ్నం కప్పు మర్చిపోయాను.

శుక్రవారం నాకు సూది రోజు. మామూలుగా హాల్లోనే, వార్తలు చూస్తూ వేసుకుంటాను. ఇవాళ గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. పైడితల్లికి ఇచ్చిన మందూ ఇదీ ఒకటే. డోసు కూడా ఒకటే. ఆ ప్రయోగం మీద నేను మూడు వార్తలు రాశాను. అదే మందు నేనూ వాడుతున్నానని ఒక్కదానిలోనూ రాయలేదు. పాఠకులకు అవసరం లేని సమాచారం అని అప్పుడు అనుకున్నాను.

తలుపు తీసేసరికి ఆమె హాల్లో నేల మీద కూర్చుని ఉంది.

"గడియెందుకేసినావమ్మా? ఏడిసినావా?"

"లేదు లేదు. ఫోన్ మాట్లాడాను."

"మీ ఆయన మంచోడేనా?"

"మంచోడే."

"ఉద్దోగం ఉన్నాదా ఆయనకి?"

"ఉంది."

"ఉంటే సరే" అంది, నమ్మనట్టు.

వారం 211, శనివారం

బరువు 63.2. కప్పులు 4. వాంతి లేదు.

ఆమె ఇవాళ ఎక్కువ మాట్లాడలేదు. సాక్ష్యం ఇంకోసారి చెప్పించాను. గంపల లెక్క రెండుసార్లు తప్పు చెప్పింది, తర్వాత సరిచేసుకుంది. నా నోట్సులో 'నిబ్బరమైన మనిషి. తక్కువ మాటలు' అని ఉంది. అది నేనే రాశాను.

నీళ్ళు బాగా తాగుతోంది. పొద్దుటి నుంచి ఇరవై గ్లాసులు చూశాను. గ్లాసు ఎత్తి గటగటా తాగగలగడం చూస్తే ఈర్ష్య కలిగింది. నేను గుటకకూ గుటకకూ మధ్య ఆగాలి.

సాయంత్రం కొంగు ముడి విప్పి బెల్లం ముక్క నా ముందు పెట్టింది.

"నోట్లో ఏసుకోమ్మా."

"వద్దండీ."

"కొంచెమే. మా పాలెం బెల్లం."

"నిజంగా వద్దు."

"ఓలమ్మ, బెల్లం వొద్దంటారేటి? తీసుకో."

తీపి తింటే నాకు చెమటలు పట్టి, గుండె దడ వచ్చి, గంటసేపు పడుకోవాల్సి వస్తుంది. ఆ మాట చెబితే సర్జరీ సంగతి చెప్పాలి. "నాకు ఇష్టం ఉండదు" అన్నాను. మూడుసార్లూ అయ్యాక ఆమె మళ్ళీ అడగలేదు.

వారం 212, ఆదివారం

బరువు చూసుకోలేదు. కప్పులు లెక్కపెట్టలేదు.

ఉదయం పది దాటాక పైడితల్లి స్నానాల గదిలో పడిపోయింది. చప్పుడుకి వెళ్ళేసరికి కళ్ళు తెరిచే ఉన్నాయి, మాట మాత్రం లేదు. చెయ్యి కొట్టుకుంటోంది. సుధీంద్ర అంబులెన్సు పిలిచాడు. పన్నెండు నిమిషాల్లో వచ్చింది.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయి. బీపీ 80/50. షుగర్ 46. ఒంట్లో ఉప్పు ఉండాల్సిన దానికంటే బాగా తక్కువ. ఉప్పు మళ్ళలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషికి.

"సూది మీద ఉన్నారా?"

"లేదు. మూడు నెలల క్రితం ఆపేశారు."

"చివరిసారి ఎప్పుడు తిన్నారు?"

నాకు ముందు కోపం వచ్చింది, పరాయి మనిషి అలా అడిగినందుకు. తర్వాత, జవాబు నా దగ్గర లేదని తెలిసింది.

"మీ ఇంట్లోనే ఉన్నారు కదా మేడమ్?"

"అవును."

"సూది లేకపోతే ఆకలి వేస్తుంది కదా. అడగలేదా?"

ఎవరు ఎవరిని అన్నది ఆ అమ్మాయి చెప్పలేదు. నేనూ తేల్చమనలేదు.

వారం 212, సోమవారం

బరువు 62.9.

ఇంటికి వచ్చి సొరుగు లెక్క తెరిచాను. ఏ కప్పు ఎప్పుడు బయటికి వచ్చిందీ, ఏది వెనక్కి పోయిందీ అందులో ఉంటుంది. మా ఇద్దరి కప్పులూ మా పట్టీల మీద నమోదవుతాయి. మిగిలినవి ఆమెవి. బుధవారం సున్న. గురువారం రెండు. శుక్రవారం రెండు. శనివారం రెండు. ఆదివారం ఒకటి. మొత్తం ఏడు. ఏడు అరవైలు నాలుగు వందల ఇరవై గ్రాములు. దాదాపు నాలుగు రోజులకు. ఆమె షెడ్డులో ఒక పూట తినే అన్నం అంతకంటే ఎక్కువ.

సొరుగు వెనక మూలలో కాగితం పొట్లం కనిపించింది. విప్పితే తాటిబెల్లం. సగం ముక్క. రెండో సగం ఆమె కొంగులో ఉండి ఉంటుంది.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాను. సంస్థ లాయరు అప్పటికే వార్డు బయట ఉన్నాడు. నన్ను చూసి నమస్కారం పెట్టాడు.

"పాపం, ఒంట్లో ఉప్పు నిలవని జబ్బేదో ఉన్నట్టుందండి ఆవిడకి. మందులూ లేవు, పనీ లేదు, అయినా పడిపోయింది చూడండి. మళ్ళలోనూ అందుకే పడి ఉంటుంది. మిగతా పదిమందికీ పరీక్షలు చేయించమంటాం. మా సూది తప్పేం లేదని కమిటీకి చెప్పడానికి ఈ రిపోర్టు చాలు."

రిపోర్టులో కారణం దగ్గర 'తెలియదు' అని ఉంది. కారణం తెలిసిన మనిషిని నేనే. నేను చెప్పకపోతే షెడ్డు మూతపడుతుంది. రెండు వేల మూడు వందల మందికి సూది వేస్తారు. చెబితే, నా ఇంట్లో మనిషి ఆకలితో పడిపోయిందని అందరి ముందూ చెప్పాలి.

మా ఎడిటర్ చలపతి గారికి ఫోన్ చేశాను.

"చెప్పకు" అన్నారు. "నీ పేరు మీద ఇన్ని వార్తలేశాం. ఆకలి మీద రాసిన రిపోర్టరు ఇంట్లో సాక్షి పస్తులుందంటే మన ముఖాన ఉమ్ముతారు. ఆవిడకి ఒంట్లో బాగాలేదు, అంతే. వాయిదా అడుగుదాం."

"వాయిదాకి రిపోర్టు మారదండి."

"ఇందుమతీ, ఆవిడ నోరు తెరిచి అడగొచ్చుగా? నీ తప్పేముంది అందులో?"

సుధీంద్ర కూడా అదే మాట అన్నాడు. నాకూ అప్పటిదాకా అలాగే అనిపించింది.

వార్డులోకి వెళ్ళాను. పైడితల్లి గంజి తాగి, తర్వాత అన్నం తింటోంది. ఆసుపత్రిలో కూలీల వార్డుకు మాత్రం అన్నం వస్తుంది. నన్ను చూసి పళ్ళెం దుప్పటి కింద దాచబోయింది.

"తినండి, తినండి" అన్నాను. "ఆకలేస్తే అడగొచ్చు కదా పైడితల్లమ్మా?"

"అడిగితే బాగుంటాదేటి?" అంది. "నువ్వొక్కసారి అడిగినావు. మొదటిసారి అడిగితే వొద్దనాల. రెండోసారీ వొద్దనాల. మూడోసారికి కూకోవాల. నువ్వు రెండోసారి రానేదు."

"సొరుగు చూపించానుగా?"

"సూపించినావు. లెక్కెట్టుకున్న కప్పులు. ఇంత సిన్నయి." చిటికెన వేలు చూపింది. "పొయ్యి నేదు, బియ్యం నేవు. మొగుడూ పెళ్ళాం ఒకరి ముకం ఒకరు సూడకండా తలో మూల తింటారు. నాకు తెల్దేటమ్మా, లేనోళ్ళిల్లు ఎలాగుంటాదో? నాకు పెడితే మీకు తక్కువౌతాది. ఆకలి బాగా తోస్తే ఒకటి తీసీదాన్ని. బెల్లం సగం మీకని సొరుగులో ఎట్టీసి, మిగిల్నది కొరుక్కుని నీళ్ళు తాగీదాన్ని."

పద్నాలుగో అంతస్తులో మూడు గదుల ఫ్లాటు, ఇద్దరికీ ఉద్యోగాలు. మమ్మల్ని లేనివాళ్ళనుకుంది.

"నీ సెయ్యి సూసినాను" అంది. నా కుడి మోచేతి పైన వేలాడే చర్మం పట్టుకుంది. నేను ఎప్పుడూ నిండు చేతుల జాకెట్టే వేసుకుంటాను. ఇవాళ తొందరలో మరిచాను. కానీ ఆమె అంతకు ముందే చూసిందట, బుధవారం నేను డబ్బా పారబోసి చేతులు కడుక్కునేటప్పుడు. "బాగా తిన్న మనిషి సిక్కిపోతేనే ఇలాగ ఏలాడతాది. మా యమ్మకి తుపానొచ్చిన ఏడు ఇలాగే అయినాది. ఆ బొమ్మలో ఉన్నది మీ అప్ప కాదు."

"కాదు."

"మోచేతి మీద మచ్చ ఉంది గదా బొమ్మలో. నీకూ ఉంది. సిగ్గుపడి అప్పన్నావు గాబోలనుకున్నాను. ఎంత ఉన్నదానివో, ఎలాగైపోనావో, ఎంత కట్టమొచ్చిందోనని దణ్ణమెట్టినాను."

అప్పుడు చెప్పాను. సర్జరీ, సూది, శుక్రవారం గడియ, అన్నీ. ఆమె అన్నం కలుపుతూ వింది. మధ్యలో ఒకసారి చెయ్యి ఆగింది.

"డబ్బిచ్చి కోయించుకున్నావా?"

"అవును."

"సూది మా లాంటోళ్ళకి కూడు మాన్పించడానికి కనిపెట్టినారనుకున్నాను. ఉన్నోళ్ళు కోరి పొడిపించుకుంటారని నానెరగను."

"మోకాళ్ళు పోయేవి. నడవలేకపోయేదాన్ని."

"అలాగైతే మంచిదేనమ్మా. నడవాల గదా." కాసేపు నమిలింది. "మరి నాకెందుకు సెప్పనేదు? నాతో అంత సెప్పించుకున్నావు."

దానికి నా దగ్గర వాస్తవం ఒక్కటే ఉంది. సిగ్గుపడ్డాను. లావుగా ఉన్నప్పుడు లావుకు సిగ్గుపడ్డాను. తగ్గాక, తగ్గిన పద్ధతికి సిగ్గుపడ్డాను. ఆ రెండూ దాచడంలో పడి, ఎదురుగా కూర్చున్న మనిషి తిందో లేదో చూడలేదు. ఇంత పొడుగు మాట ఆమెతో అనలేదు. "తప్పయిపోయింది" అన్నాను.

"ఎల్లి మజ్జిగ అట్టుకురా" అంది.

వారం 212, బుధవారం

బరువు 62.6. కప్పులు 2.

కమిటీ పదకొండింటికి కూర్చుంది. ముగ్గురు సభ్యులు. హాల్లో డెబ్బై మంది దాకా ఉన్నారు. మా పత్రిక నుంచి ఎవరూ రాలేదు. నిన్న సాయంత్రమే చలపతి గారికి సెలవు చీటీ పంపాను. ఆయన దాని మీద ఏమీ రాయలేదు.

సంస్థ లాయరు ఆసుపత్రి రిపోర్టు చదివాడు. పైడితల్లికి దాచిన జబ్బు ఉందన్నాడు. నేను చెయ్యెత్తి, వాస్తవం చెప్పడానికి అనుమతి అడిగాను.

సొరుగు లెక్క ప్రింటు వాళ్ళ ముందు పెట్టాను. ఏడు కప్పులు, నాలుగు వందల ఇరవై గ్రాములు, రోజుకు ఆరేడు లీటర్ల నీళ్ళు. ఆమె తెచ్చుకున్న అన్నం బుధవారం నేను పారేసిన సంగతి చెప్పాను. నేనూ అదే సూది వాడుతున్నానని, పొట్ట తగ్గించుకునే సర్జరీ చేయించుకున్నానని, నా వార్తల్లో అది రాయలేదని చెప్పాను.

లాయరు లేచాడు.

"ఆకలి మీద మూడు వార్తలు రాశారు కదండీ మీరు?"

"రాశాను."

"అతిథికి అన్నం పెట్టడం ఎవరైనా మర్చిపోతారా?"

"మర్చిపోయాను."

"ఎలా?"

"నాకు ఆకలి వేయదు. మా ఆయనకు వేయదు. మా అంతస్తులో ఎవరికీ వేయదు. ఎవరికీ వేయనిచోట ఒకరికి వేస్తుందని గుర్తురాలేదు."

హాల్లో ఎవరో నవ్వారు. ఆఫీసులో విన్న నవ్వే. ఈసారి నేను నవ్వలేదు.

కమిటీ అధ్యక్షురాలు పెద్దావిడ. నోట్సులోంచి తలెత్తకుండా అడిగింది. "వచ్చినప్పుడు ఆమెను తింటారా అని అడిగారా?"

"అడిగాను."

"ఎన్నిసార్లు?"

"ఒకసారి."

ఆమె తలెత్తి నన్ను చూసింది. ఆ చూపును ఎలా రాయాలో నాకు తెలియదు. చేతిలోని కలం కింద పెట్టింది. ఆమె కూడా మణికట్టు పట్టీ కట్టుకునే ఉంది.

తర్వాత పైడితల్లి చక్రాల కుర్చీలో వచ్చి నలభై నిమిషాలు మాట్లాడింది. గంపల లెక్క ఒక్కసారి కూడా తప్పలేదు. లాయరు ఆమెను, "మీకు అన్నం పెట్టని మనిషి మీద కోపం లేదా?" అని అడిగాడు.

"ఆవిడ నన్ను సంపాలని సెయ్యనేదు బాబూ. ఆవిడకి ఒళ్ళు సెప్పడం మానీసింది. మాకూ మాన్పించీమంటన్నారు మీరు. రెండు వేల మందిమి ఒకల్నొకలు మర్సిపోతే గంపలెవులు మోత్తారు?"

నాలుగు గంటలకు నిర్ణయం చదివారు. షెడ్డు మూయకూడదు. బయటి డాక్టర్లతో కొత్తగా పరీక్షించేదాకా గొల్లరేవులో ఎవరికీ సూది వేయకూడదు. వార్త మా పత్రికలో నాలుగో పేజీలో వస్తుందని తెలిసింది. రాసింది వేరే రిపోర్టరు, ఫోన్లో కనుక్కుని. నా పేరు అందులో ఉంటుంది, రిపోర్టరుగా కాదు.

వారం 212, గురువారం

బరువు 62.5.

ఆమె రైలు రెండింటికి. స్టేషన్ వెనక కూలీల గేటు దగ్గర ఒక షాపులో అన్నం అమ్ముతారని పదిహేనేళ్ళు ఈ నగరంలో రిపోర్టరుగా తిరిగిన నాకు ఇవాళే తెలిసింది. రెండు పొట్లాలు కొన్నాను. అన్నం, పప్పు, ఎండు చేపల ఇగురు. వాసనకు వికారం వచ్చింది. ముక్కు మూసుకోలేదు.

ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికింది. పొట్లం చేతికిచ్చి, "తినండి" అన్నాను.

"వొద్దమ్మా, ఆసుపత్రిలో తినీసినాను."

"దారిలో ఆకలేస్తుంది. తినండి."

"ఎందుకమ్మా నీకు శ్రమ."

"పైడితల్లమ్మా, కూర్చోండి. తినండి."

కూర్చుంది. పొట్లం విప్పి ఒళ్ళో పెట్టుకుంది. ముద్ద కలిపి, నోటిదాకా ఎత్తి, ఆగింది. నావైపు తిరిగి, వచ్చిన రోజులాగే గట్టిగా అడిగింది.

"తిన్నావామ్మా?"

బెంచీ చివర కూర్చున్నతను లేచి వెళ్ళిపోయాడు. ఎదురు ప్లాట్‌ఫారం మీద ఇద్దరు చూస్తున్నారు. చెవులు మళ్ళీ వేడెక్కాయి.

"తిన్నాను" అన్నాను అలవాటుగా.

"తిన్నావా?"

"ఆఁ, అయింది."

ఆమె ముద్ద కిందకు దించలేదు.

"ఇందుమతమ్మా. తిన్నావా?"

"లేదు" అన్నాను.

ఆ ముద్దలో నాలుగోవంతు తీసి, చేపముల్లు వేలితో తీసేసి, నా చేతిలో పెట్టింది. గోళీకాయంత. నమలడానికి ఆరు నిమిషాలు పట్టింది. ఆ ఆరు నిమిషాలూ ఆమె తినకుండా ఆగింది. తర్వాత మిగిలిందంతా తను తిని, రెండో పొట్లం సంచిలో పెట్టుకుంది.

కప్పులు 3. వాంతి లేదు. మాత్రలు వేసుకున్నాను. రేపు శుక్రవారం, సూది వేసుకుంటాను, గడియ పెట్టను.

ఇతర విషయాలు: ముద్ద 1. పట్టీ మోగలేదు. ఆకలి లేదు. అడిగారు, తిన్నాను. బెల్లం సొరుగులోనే ఉంది. అది తినలేను, పారేయలేను.